మావాడి గుద్దు

మావాడు మూడు వారాలుగా ఒకే గుద్దు గుద్దుతున్నాడు.

కంగారుపడకండి, ఎవర్నీ కాదు. ఇంట్లో కూర్చుని, కంప్యూటర్లో. మామూలు మనుషులకి గుద్దాలనిపిస్తే చెయ్యెత్తినంతసేపు, దించినంతసేపు. మావాడి గుద్దుకి మాత్రం ఇరవై రోజులైనా ముహూర్తం కుదర్లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఆ గదిలోకి వెళ్తాడు. తెరమీద ఒక బొమ్మ ఇంకో బొమ్మని గుద్దుతుంది. మావాడు తల అడ్డంగా ఊపుతాడు. బొమ్మ వెనక్కొచ్చి మళ్లీ గుద్దుతుంది. మళ్లీ తల అడ్డంగా ఊపుతాడు. గుద్దు తిన్న బొమ్మకి లేని బాధంతా మావాడి మొహంలో కనిపిస్తుంది.

మా ఆవిడ బాధ వేరు. సంబంధాలవాళ్లు ఫోన్ చేసి "అబ్బాయి ఏం చేస్తాడండీ?" అంటే ఏం చెప్పాలన్నది ఆవిడ సమస్య. కిందటి మార్చి దాకా ఆ ప్రశ్నకి ఒకటే మాట, "సాఫ్ట్‌వేరండీ". ఆ మాట వినగానే అవతలివాళ్లు గోత్రంలోకి దిగేవారు. ఇప్పుడేమో "ఉద్యోగం మానేశాడండీ, వీడియో గేముల్లో బొమ్మలచేత దెబ్బలాడిస్తాడు" అని చెప్పాలి. ఒకసారి అలాగే చెప్పింది కూడాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత "అమ్మాయి ఇంకా చదువుకుంటానంటోందండీ" అన్నారు.

వాడు తనకి తనే ఒక ఏడాది గడువు పెట్టుకున్నాడు. దాచుకున్న డబ్బు అంతవరకే వస్తుందట. అందులో చాలా నెలలు బొమ్మలు కదిలించడం నేర్చుకోడానికే పోయాయి. ఈమధ్య ఈ ఊళ్లోనే ఒక గేముల కంపెనీవాళ్లు పరీక్ష పెట్టారు. జపాను బొమ్మల కథలోంచి ఏదో ఒక దెబ్బ తీసుకుని, గేములో ఆడేవాడి చేతికి పనికొచ్చేలా కదిలించి పంపాలి. మూడు సెకన్ల ముక్క. నచ్చితే పిలుస్తారు. నచ్చకపోతే సంబంధాలవాళ్లకి మళ్లీ "సాఫ్ట్‌వేరండీ" అని చెప్పుకోవచ్చు.

నేను తెనాలిలో ముప్పయ్యేళ్లు డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరై, హైదరాబాదులో వాడి దగ్గరికొచ్చిపడ్డ మనిషిని. బొమ్మల విషయంలో నాకు తెలియనిదేముంటుందని ఒక రోజు ధైర్యంచేసి ఆ గదిలోకి వెళ్లాను.

"ఏదిరా ఆ పుస్తకం?" అన్నాను.

ఇచ్చాడు. 'డ్రాగన్ బాల్'. అకిరా తోరియామా అనే ఆయన వేసింది. మన వారపత్రికల్లో సీరియల్ వచ్చినట్టు అక్కడి వారపత్రికలో 1984 నుంచి 1995 దాకా వారం వారం వచ్చిందట. పుస్తకాలుగా వేస్తే 42 అయ్యాయి. ఆయన 2024 మార్చిలో పోయారని చెబుతూ మావాడు కళ్లజోడు తుడుచుకున్నాడు. సరే, పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచీ చూశాను. మొదట్లో అందరూ చావుదెబ్బలు తిని పడున్నారు. పోనుపోను దెబ్బలు మాయమై, లేచి నిలబడి, చివరికి ఒకరికొకరు దూరంగా మర్యాదగా నుంచున్నారు. ఇదేదో అహింసని బోధించే కథలా ఉందే అని మెచ్చుకున్నాను. మావాడు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, తిప్పి ఇచ్చాడు. జపానువాళ్లది కుడి నుంచి ఎడమకట. అంత్యం దగ్గర మొదలుపెట్టాన్నేను.

ఈలోగా మా ఆవిడ వచ్చి కథానాయకుడికి తోకుండడం గమనించి, "హనుమంతుడా?" అంది. ఆవిడ మాట మరీ తీసిపారెయ్యాల్సింది కాదు. చీనావాళ్ల పాత కథలో సున్ వుకోంగ్ అని ఒక కోతి వీరుడున్నాడు. ఆ పేరే జపాను ఉచ్చారణలో సోన్ గోకూ అయింది. ఈ కుర్రాడి పేరదే.

ఇహ గుద్దు సంగతి. నాబోటి డ్రాయింగు మాస్టారు చూసేది కథ కాదు, గీత. ఒక గడిలో గోకూ పిడికిలి వెనక్కి లాగి ఉన్నాడు. పక్క గడిలో ఎదుటివాడు అప్పుడే గాల్లో ఎగిరిపోతున్నాడు. పిడికిలి పుస్తకంలోంచి మన ముక్కు మీదకి వస్తున్నట్టు తలకంటే పెద్దదిగా ఉంది. చుట్టూ వేగానికి గుర్తుగా గీతలు. అంతా బాగానే ఉంది. కానీ అసలు గుద్దేదీ? ఎంత వెదికినా లేదు. రెండు గళ్ల మధ్య తెల్లటి సందుందే, అందులో ఉంది. దాన్ని వేసింది తోరియామా కాదు, చదివేవాడు.

"అదే నాన్నా నా చావు," అన్నాడు మావాడు. "ఆ సందులో ఉన్నదాన్ని నేను చెయ్యాలి."

గేములో సెకనుకి అరవై బొమ్మలు. ఒక్కోదాన్ని ఫ్రేమంటారు. దెబ్బకి మూడు భాగాలుంటాయని వాడు వేళ్లు మడిచి చెప్పాడు. బటన్ నొక్కిన దగ్గర్నుంచి పిడికిలి తగలబోయే దాకా ఒక భాగం, దాన్ని స్టార్టప్ అంటారు. నిజంగా తగిలే రెండు మూడు ఫ్రేములు ఒకటి. చెయ్యి వెనక్కొచ్చి మనిషి కుదురుగా నిలబడే దాకా ఇంకొకటి, దాని పేరు రికవరీ. "ఇదివరకు నా స్టార్టప్ పెద్దదైపోయింది. ఇప్పుడు తగ్గించా" అని వాడంటూండగా తలుపు దగ్గర మా ఆవిడ విని, "స్టార్టప్ పెట్టావా నాయనా, చెప్పవేం!" అని సంబరపడిపోయింది. ఆ సాయంత్రం లోపల ఆ వార్త మా వదినగారికీ, ఆవిడ ద్వారా విజయవాడకీ చేరింది. తరవాత దిద్దుకోడానికి ఎవరికీ నోరు రాలేదు.

తమాషా ఏమిటంటే, బొమ్మ వేసేవాడికి స్టార్టప్ మీదే ప్రేమ. చెయ్యి బాగా వెనక్కి లాగి, నడుం తిప్పి, కాలు ఎత్తి, అప్పుడు కొడితేనే చూడ్డానికి దెబ్బ. ఆడేవాడు అంతసేపు ఒప్పుకోడు. బటన్ నొక్కగానే చెయ్యి లేవాలి. చిన్న దెబ్బలకి ఆరు ఫ్రేములు, అంటే సెకనులో పదోవంతు. అలాగని పెద్ద దెబ్బని కూడా అంత త్వరగా కొట్టించేస్తే ఎదుటివాడి నోట్లో మట్టి. కంటితో చూసి, వేలు కదిలించడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది, అంటే పదిహేను ఫ్రేములు. వాడికి కాచుకునే అవకాశమివ్వాలి. అందుకని ఏ దెబ్బ వస్తోందో మొదటి భంగిమలోనే తెలిసిపోయేలా బొమ్మ ఉండాలి, రంగులన్నీ తీసేసి నల్లటి నీడగా చేసి చూసినా సరే. ఒకడికి త్వరగా కావాలి, ఇంకొకడికి తెలియాలి, తోరియామా అభిమానులకి పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. కోర్టులో ముగ్గురన్నదమ్ముల భాగపరిష్కారం నయం.

నా పెద్దరికం నిలబెట్టుకోడానికి ఒక సలహా పారేశాను. "మధ్యలో బొమ్మలు చాల్లేదురా, అందుకే కుదుపుగా ఉంది. ఇంకో నాలుగు పెట్టు."

మావాడు మాట్లాడకుండా ఏదో నొక్కాడు. ఈ బొమ్మలు కాగితం మీద గీసినవి కావు, కంప్యూటర్లో మట్టిబొమ్మలా అన్నివైపులా చేసినవి. రెండు భంగిమలు పెడితే మధ్యవి అదే నింపేస్తుంది. నింపింది. గోకూ చెయ్యి మెత్తగా, నునుపుగా, పాకంలో ఈదుతున్న గులాబ్‌జామూన్‌లా వెళ్లి ఎదుటివాడి దవడని నిమిరింది. దెబ్బ మాట దేవుడెరుగు, బుజ్జగించినట్టుంది.

ఈ చిక్కు విప్పినవాళ్లు యొకోహామాలో ఉన్నారట. ఆర్క్ సిస్టం వర్క్స్ అనే కంపెనీ. 2014లో 'గిల్టీ గేర్ ఎగ్జర్డ్' అని ఒక గేము చేశారు. 2018లో అదే పద్ధతిలో 'డ్రాగన్ బాల్ ఫైటర్‌జీ'. వాళ్లు చేసిందేమిటంటే, కంప్యూటర్ మధ్యబొమ్మలు నింపడం ఆపేశారు. ఒక్కో భంగిమా మనిషే చేత్తో పెట్టి, కొన్ని ఫ్రేములపాటు కదలకుండా అలాగే ఉంచి, ఠక్కున పక్క భంగిమకి దూకించారు. చూసేవాడికి చేత్తో గీసిన కార్టూనులా ఉంటుంది. జపాను టీవీ కార్టూన్లు అలా ఉండడానికి కారణం అందం కాదు, పేదరికం. 1963లో ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్' టీవీకి తీసినప్పుడు వారానికొకటి తియ్యాలి, డబ్బు లేదు, బొమ్మలు తగ్గించాడు. తగ్గించిన బొమ్మలకే జనం కళ్లు అలవాటుపడ్డాయి. లేమిలో నేర్చుకున్న పులుసు రుచి కలిగాక కూడా వదలనట్టు, అరవై బొమ్మలు వెయ్యగలిగిన యంత్రం పెట్టుకుని పదిహేనూ ఇరవయ్యీ వేస్తున్నారు.

ఆ కంపెనీలో బొమ్మల సంగతి చూసిన జున్యా మోతోమురా అనే ఆయన 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గేములవాళ్ల సభలో ఈ రహస్యాలన్నీ విప్పి చెప్పాడు. మావాడు ఆ ఉపన్యాసం నాకు చూపించాడు. ఇంగ్లీషు నాకు సగమే అందినా బొమ్మలు పూర్తిగా అందాయి. ముప్పయ్యేళ్లు పిల్లలకి "వెలుగు ఎడమ పైనుంచి పడుతోంది, అన్నిటికీ నీడ ఒకేవైపు వెయ్యండి" అని మొత్తుకున్నవాణ్ణి. అక్కడ ఒక్కో పాత్రకీ దాని వెలుగు దానికే ఉంది. మొహం బాగా కనబడాలంటే ఎటు కావాలంటే అటు తిప్పుకుంటారు. ఎవరి సూర్యుడు వాడిది! నా క్లాసులో అయితే సున్నా మార్కులు. చూస్తే మాత్రం అచ్చు పుస్తకంలో బొమ్మ.

పిడికిలి సంగతీ అంతే. ముందుకొచ్చిన పిడికిలి నిజంగానే సాగుతుంది, ఉబ్బుతుంది. ఆట మామూలుగా పక్కనుంచి కనిపిస్తుంది. పెద్ద దెబ్బ వచ్చినప్పుడు మాత్రం చూపు మారి, పుస్తకంలో ఏ మూల నుంచి గీశాడో ఆ మూలకే వెళ్తుంది. ఆ ఒక్క చోటు నుంచి చూస్తేనే బొమ్మ. మావాడు తన బొమ్మని అటు పక్కకి తిప్పి చూపించాడు. రామ రామ! భుజం జారిపోయి, చెయ్యి చేటంతై, మెడ ఎక్కడో ఉంది. అస్థిపంజరాల డాక్టరు కూడా చేతులెత్తేసే కేసు.

నాకు సురభి నాటకాలు గుర్తొచ్చాయి. 1885లో 'కీచకవధ'తో మొదలైన వాళ్లు కదా, గుద్దులకి కొత్తేమీ కాదు. చిన్నప్పుడు మా ఊళ్లో 'మాయాబజార్' వేస్తే టిక్కెట్టు లేక పక్క తెర సందులోంచి చూశాను. ఎదుట కూర్చున్నవాళ్లకి ఘటోత్కచుడు ఆకాశంలో వెళ్తున్నాడు. నాకు మాత్రం తాళ్లు లాగుతున్న ఇద్దరు మనుషులూ, వాళ్ల చెమటా కనిపించాయి. ఆ సంగతి చెప్తే మావాడు మొదటిసారి నావైపు మనిషిని చూసినట్టు చూసి, "అదే నాన్నా. కరెక్టుగా అదే" అన్నాడు. ఆ పూట మధ్యాహ్నం అన్నం బాగా సయించింది.

అప్పట్నుంచి ఆ గదిలో నాకో స్టూలు పడింది. 'జోజో' అని ఇంకో బొమ్మల కథ ఉందిట, హిరోహికో అరాకీది. అందులో మనుషులు నిలబడడమే నడుం విరిగినట్టు నిలబడతారు. భయం పుట్టించే చోట "గోగోగో" అని జపాను అక్షరాలు గాల్లో వేస్తాడు. 2013లో ఫుకుఓకాలోని ఒక కంపెనీ దాన్ని గేము చేస్తే, ఆ అక్షరాల్ని కూడా వదలకుండా మనుషుల చుట్టూ తేలించారు. చప్పుడుని కంటికి చూపించడమన్నమాట! ఆ కథలోవాళ్లు గుద్దులు కురిపించేటప్పుడు ఒకే గడిలో పాతిక పిడికిళ్లుంటాయి. కార్తవీర్యార్జునుణ్ణి తలుచుకుని ఊరుకున్నాను.

ఇంతా అయి మావాడి గుద్దు మాత్రం కుదర్లేదు. స్టార్టప్ బాగుంది. భంగిమ బాగుంది. తగిలినచోట ఇద్దరినీ కొన్ని ఫ్రేములు బిగదియ్యాలి, హిట్‌స్టాప్ అంటారు, అదీ పెట్టాడు. పద్యంలో రాగం ఎత్తుకునే ముందు నటుడు ఆగి ఊపిరి తీస్తాడే, అలాంటిది. అన్నీ ఉన్నాయి, బరువు లేదు. గడువు ఇంకా నాలుగు రోజులుంది. అన్నం దగ్గర వాడు మాట్లాడ్డం మానేశాడు.

ఒక రాత్రి పదిగంటలకి, "నాన్నా, ఒక్కసారి లేస్తారా? కొట్టినట్టు చెయ్యండి, ఫోన్లో తీసుకుంటాను" అన్నాడు. బొమ్మలు కదిలించేవాళ్లు ఇలా మనుషుల్ని చూసి చేసుకుంటారట. నేను పంచె బిగించి, చెయ్యి చెవి దాకా ఎత్తి, హుంకరించి గాల్లోకి ఒకటిచ్చాను.

"అది సినిమా దెబ్బ," అన్నాడు నవ్వుతూ. "అలా కాదు. అప్పుడు కొట్టారే, అలా."

"ఎప్పుడు?"

"తొమ్మిదో క్లాసులో. స్టాఫ్ రూములో."

నేను మర్చిపోలేదు. వాడు మర్చిపోయి ఉంటాడనుకున్నాను.

2008 సంగతి. వాడు నేను పనిచేసే స్కూల్లోనే చదివేవాడు. లెక్కల మాస్టారు వాడి నోట్సు తెచ్చి స్టాఫ్ రూములో అందరిముందూ బొటనవేలితో పేజీలు చరచరా వదిలారు. ప్రతి ఆకు మూలా ఒక చిన్న బొమ్మ. వదిలితే మంటలాంటి జుట్టున్న కుర్రాడు పరిగెత్తుకొచ్చి, ఎగిరి, తన్ని, నేలమీదకి దిగుతున్నాడు. వంద ఆకులు. అందరూ నవ్వారు. ఆయనకీ కోపమేమీ లేదు పాపం, "డ్రాయింగు మాస్టారి అబ్బాయి గదండీ, లెక్కలెందుకొస్తాయి" అన్నారంతే. జీతంలోనూ, గౌరవంలోనూ లెక్కల మాస్టారి తరవాతెక్కడో ఉండే డ్రాయింగు మాస్టారికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వాణ్ణి పిలిపించాను. చెంప మీద కొట్టాను. నోట్సు చింపి బుట్టలో వేశాను. అంతకు ముందుగానీ, ఆ తరవాతగానీ నేను ఏ పిల్లాడి మీదా చెయ్యి చేసుకోలేదు.

ఇన్నేళ్లూ ఎవరితోనూ చెప్పని ముక్క ఒకటుంది. కుర్రాడు నేలకి దిగేచోట, పాదం ఆనగానే మోకాలు వంగి, ఒళ్లంతా కిందికి నొక్కుకుని, అప్పుడు లేచింది. పద్నాలుగేళ్ల పిల్లాడికి అది ఎవరూ నేర్పలేదు. నేను నేర్పింది కుండా, అరటిపండూ, తామరపువ్వూ. ఆ పాదం నేను చూశాను. చూసే చింపాను.

"మీరు చెయ్యెత్తలేదు నాన్నా," అంటున్నాడు మావాడు, ఏదో యంత్రం బాగుచేస్తున్నవాడి గొంతుతో. "ఎత్తి ఉంటే తప్పుకునేవాణ్ణి. కింద నుంచే వచ్చేసింది. స్టార్టప్ లేదు. మహా ఉంటే మూడు ఫ్రేములు. అది కాదు నాక్కావలసింది. కొట్టాక మీ చెయ్యి అక్కడే ఉండిపోయింది. వెనక్కి తీసుకోలేదు. నేను తలెత్తి చూసేటప్పటికి కూడా గాల్లోనే ఉంది. మీరు దానివంక చూస్తున్నారు. నా బొమ్మ కొట్టగానే చెయ్యి దించేస్తోంది. అందుకే దెబ్బ తేలిపోతోంది. ఆ రికవరీ కావాలి."

"ఒరేయ్, అది..." అన్నాను. తరవాత మాట రాలేదు.

"మాట్లాడకండి నాన్నా, వీడియోలో నోరు కదుల్తుంది."

కొట్టాను. ఎదురుగా గాలి తప్ప ఎవరూ లేరు, అయినా చెయ్యి సగంలో ఆగింది. మళ్లీ అన్నాడు. ఏడుసార్లు తీశాడు. ఏడోసారి చెయ్యి చాచినచోటే ఉంచేశాను. వయసొచ్చిన చెయ్యి, వణికింది. "చాలా?" అంటే "ఇంకొంచెం" అన్నాడు. ఎంతసేపు ఉంచానో తెలీదు. వాడు ఫోను దించి, దగ్గరికొచ్చి, నా చెయ్యి పట్టుకుని మెల్లిగా కిందికి దించాడు. మా ఆవిడ తలుపు దగ్గర మజ్జిగ గ్లాసులతో నిలబడి, ఈసారి ఏమీ అడగలేదు.

తెల్లవారుజామున నన్ను లేపి చూపించాడు. గోకూ గుద్దాడు. ఎదుటివాడు ఎగిరి పడ్డాడు. పిడికిలి చాలాసేపు గాల్లో అలాగే ఉండి, ఒక్క రవ్వ వణికి, కిందికి దిగింది. మావాడు తల అడ్డంగా ఊపలేదు. ఇన్ని ఫ్రేముల రికవరీ పెడితే ఆటలో ఎదుటివాడు ఆ సందు చూసుకుని తిరిగి కొట్టేస్తాడట. "కొడితే కొట్టనీ, పెద్ద దెబ్బకి అది న్యాయం" అని, అలాగే ఉంచి పంపేశాడు.

పంపి పదకొండు రోజులైంది. జవాబు ఇంకా రాలేదు. వాడు ఈలోగా తన్ను మొదలుపెట్టాడు. వాళ్లమ్మని కాలెత్తమని అడిగి చీవాట్లు తిన్నాడు. నేను కిందటి వారం వీధి చివర కొట్లో రెండు వందల పేజీల నోట్సు ఒకటి కొనుక్కొచ్చాను. రోజూ మధ్యాహ్నం ఆకుల మూలల్లో పెన్సిలుతో ఒక కుండని దొర్లిస్తున్నాను. ముప్పైఏడో ఆకు దాకా వచ్చింది. నిన్న మావాడు బొటనవేలితో చరచరా వదిలి చూసి, తల అడ్డంగా ఊపాడు. కుండకి బరువు లేదట.